ముగింపుకు రెండు మార్కులు

విశ్రాంతమ్మ రాసిన జవాబులో రుద్రమదేవి గుర్రమెక్కి దేవగిరి వైపు పోయింది కానీ తిరిగి ఓరుగల్లుకు రాలేదు. నడిదారిలో, చల్లగాలిలో, గుర్రం మీదే ఉండిపోయింది. కాగితం అడుగున నాలుగు వేళ్ల ఖాళీ మిగిలింది.

కూతురు అక్సా కాగితం తిప్పి వెనక వైపు చూసింది. అక్కడా ఏమీ లేదు.

"తర్వాత?"

"తర్వాతేంది? అయిపోయింది" అంది విశ్రాంతమ్మ. ఆమె వాకిట్లో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఒక్కో కాయనూ రాతి మీద పెట్టి, సుత్తెతో మెల్లగా తట్టి, చీల్చి, గింజను బొటనవేలితో పక్కకు నెడుతోంది.

"అయిపోలేదమ్మా, ఆగిపోయింది. అయిపోవుడు వేరే, ఆగిపోవుడు వేరే."

"నాకు రెండూ ఒక్కతీర్గనే కనపడ్తయి."

"పేపర్ దిద్దేటోళ్లకు కనపడయ్. ప్రశ్నకు పది మార్కులు. పరిచయానికి రెండు, సైడ్ హెడ్డింగులకు ఐదు, కొటేషన్‌కు ఒకటి, ముగింపుకు రెండు. ఖమ్మంల మా సార్ రోజు బల్ల గుద్ది చెప్తడు."

డ్యూటీకి బయల్దేరుతున్న ఆంథోని బండికి కిక్కు కొడుతూ ఇదంతా విన్నాడు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుందని నవ్వాడు. బొగ్గు గనిలో టిప్పర్ నడిపే మనిషి, పెళ్లాం చదువంటే ఆయనకు గర్వమే. కాకపోతే దాన్ని ఎగతాళిగా తప్ప చెప్పడం రాదు.

విశ్రాంతమ్మ పినపాక అవతల, రోడ్డు సన్నబడి అడవి మొదలయ్యే చోట, అంగన్‌వాడీ సెంటర్లో ఆయా. ఆ సెంటర్‌కు టీచర్ లేదు. ఉన్నామె బదిలీ అయి పోయింది. అప్పటినుంచి పిల్లలకు వండిపెట్టేదీ, ముక్కు తుడిచేదీ, అక్షరాలు దిద్దించేదీ విశ్రాంతమ్మే. ఇంటర్ పాసైతే ఆ కుర్చీలో తనే కూర్చోవచ్చు. ఓపెన్ ఇంటర్‌లో అన్ని సబ్జెక్టులూ గట్టెక్కాయి, చరిత్ర ఒక్కటే రెండుసార్లు ముంచింది. మంగళవారం మళ్లీ పరీక్ష. "ఈసారి పాసైతే నీ పేరు పైకి పంపిస్త, లేకుంటే ఎండకాలం పోంగనే కొత్తామె వస్తది. మళ్ల నన్ను అనొద్దు" అని సూపర్‌వైజర్ కళావతి మేడమ్ మొహం మీదే చెప్పింది.

అందుకే అక్సా ఖమ్మంలో తన గ్రూప్స్ కోచింగ్‌కు నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చింది. జవాబు ఎలా రాయాలో ఆ పిల్లకు కొట్టిన పిండి. తల్లి కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదివింది. మొదటి పేజీ బ్రహ్మాండంగా ఉంది. కొడుకుల్లేని గణపతిదేవుడు కూతురికి మగపేరు పెట్టి సింహాసనం ఎక్కించడం, ఆడదాని ఏలుబడి ఏమిటని సామంతులు అడ్డం తిరగడం, దేవగిరి రాజు దండెత్తి రావడం, ఆమె అతన్ని తరుముకుంటూ పోవడం, అన్నీ ఉన్నాయి. రెండో పేజీ సగం నుంచే ఏదో అవుతోంది. వాక్యాలు పొట్టిగా అయిపోతున్నాయి. 'గుర్రం పోతున్నది. మెల్లగా పోతున్నది. ఎండ తగ్గింది. గాలి వచ్చింది.'

"చరిత్ర పేపర్ల గాలెందుకొచ్చిందమ్మా?"

"అంత దూరం పోయినప్పుడు గాలి రాదా?" అంది విశ్రాంతమ్మ, నిజంగానే అర్థంకాక.

*

శనివారం గుడ్ల ట్రేలు మొయ్యడానికి అక్సా తల్లి వెంట సెంటర్‌కు పోయింది. ఆ రోజు జిల్లా నుంచి పెద్దసారు వస్తాడని కబురు. కళావతి మేడమ్ పొద్దున్నే దిగింది. పక్క ఊరి సెంటర్ టీచర్ తిరుమలను కూడా పిలిపించింది. కాగితాల మీద ఈ సెంటర్‌కు ఇన్‌ఛార్జి తిరుమలే. నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టి పోతుంది.

పెద్దసారు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. గోడ మీద విశ్రాంతమ్మ బొగ్గుతో, సుద్దతో వేసిన కోట బొమ్మ చూసి ఇదేమిటని అడిగాడు.

"ఓరుగల్లు" అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో.

ఆయన ముచ్చటపడ్డాడు. ఆ కోట ఎవరిదని అడిగాడు. రుద్రమ్మదన్నారు. రుద్రమ్మ ఏం చేసిందని అడిగాడు. రూప్లి అనే నాలుగేళ్ల పిల్ల లేచి, గౌను పైకెత్తి పట్టుకుని, గుర్రమెక్కినట్టు గది చుట్టూ ఒక చుట్టు తిరిగి, "దేవగిరికి పోయింది" అంది.

"శభాష్! తర్వాత?"

రూప్లి ఆగిపోయింది. పక్కనున్న పిల్ల వైపు చూసింది. ఆ పిల్ల ఇంకో పిల్లాడి వైపు చూసింది. గదిలో ఒక్కరికీ తెలియదు.

"మిగతా కథ టీచర్‌ను అడిగి తెలుసుకోండ్రి" అని సారు నవ్వి, తిరుమల వైపు తిరిగాడు. "ఈ వయసు పిల్లలకు చరిత్ర చెప్తున్నరంటే చాలా గొప్ప సంగతమ్మా."

తిరుమల మంచిదే. చెవుల దాకా ఎర్రబడింది, ఏదో చెప్పబోయింది కూడా. కళావతి మేడమ్ ఆ మాట బయటకు రాకముందే శాలువా విప్పింది. ఫోటో తీసే కుర్రాడు ఫోన్ ఎత్తాడు. పిల్లలకు ముక్కులు తుడుస్తూ మధ్యలో ఉన్న విశ్రాంతమ్మను చూసి, కళావతి మేడమ్, "విశ్రాంతమ్మా, నువ్వు జెర పక్కకు జరుగు, ఫోటోల ఆయా ఎందుకు" అంది. విశ్రాంతమ్మ జరిగింది. జరిగి, ఊరికే నిలబడడం చేతకాక, వంటగదిలోకి పోయి కోడిగుడ్లు ఒలవడం మొదలుపెట్టింది. సొమ్మొకడిది సోకొకడిది అన్న మాట ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

సారు జీపు దుమ్ము అణగకముందే అక్సా తల్లి మీద పడింది.

"చెప్పొచ్చు గదా నేనే చెప్పిన్నని!"

"అడిగితే చెప్పేదాన్నే. అడగలే."

"అడుగుతరా ఎవలన్న!"

"పొయ్యి మీద పప్పు మాడ్తది, జరుగు."

అన్నాలయ్యాక విశ్రాంతమ్మ తడిబట్టతో గది తుడిచింది. కిటికీలకు కట్టిన గోనె పట్టాల మీద నీళ్లు చల్లింది. బయట ఎండ మండుతోంది కానీ గోనెల్లోంచి వచ్చే గాలి మట్టివాసన, ఇప్పపూల వాసన కలిసి మత్తుగా ఉంది. చాపలు పరిచింది. ఎవర్ని ఎవరి పక్కన పడుకోబెట్టాలో ఆమెకు ఒక లెక్క ఉంది. తన్నుకునేవాళ్లను దూరంగా, దిగులుపడేవాళ్లను తనకు దగ్గరగా. రూప్లి తల్లి మిరపకాయలు ఏరడానికి దూరం పోయింది కాబట్టి రూప్లికి ఆమె మోకాలి పక్కన చోటు. కుడిచేత్తో ఒకర్నీ ఎడమచేత్తో ఒకర్నీ జోకొడుతూ, మూడోవాణ్ని కాలి బొటనవేలితో నిమురుతూ కథ ఎత్తుకుంది.

అక్సా గడప దగ్గర కూర్చుని వింది. అదే జవాబు. అవే మాటలు. కొడుకుల్లేని రాజు, మగపేరు పెట్టిన బిడ్డ, కోట గోడ మీద కూర్చుని అలుపు తీర్చుకుని దిగే పొద్దు. సామంతులు అడ్డం తిరిగే దగ్గర గొంతు గట్టిగా ఉంది. పిల్లల కళ్లు పెద్దవయ్యాయి. గుర్రమెక్కాక గొంతు దిగడం మొదలైంది. ఒక్కో మాటకూ మధ్య ఎడం పెరిగింది. గుర్రం పోతున్నది. మెల్లగ పోతున్నది. ఎండ తగ్గింది. గాలి వచ్చింది. ఒక్కో రెప్పా వాలింది. దూరంగా గనిలో మధ్యాహ్నపు పేలుడు మోగింది, చాపల కింద నేల సన్నగా అదిరింది. ఒక్క పిల్లా కదల్లేదు.

"...రుద్రమ కళ్లెం వదులు జేసి, గుర్రం మెడ మీద..." అంటూ విశ్రాంతమ్మ చుట్టూ చూసింది. మాట అక్కడే వదిలేసి, చేతులు మెల్లగా తీసుకుని, లేచి గిన్నెలు తోమడానికి పోయింది.

అక్సా వెనకాలే పోయింది. "ఆపేసినవేందమ్మా?"

"పండుకున్నరు గదా."

"రోజు గిట్లనే ఆపేస్తవా?"

"పండుకున్నంక ఎవలకు చెప్పాలె? గోడకా?"

"మరి చివరిదాక ఎప్పుడు చెప్పినవ్?"

విశ్రాంతమ్మ బూడిద చేతులతో ఆగి ఆలోచించింది. సెంటర్లో చేరిననాటి నుంచి చెప్పిన కథలన్నీ తలచుకుంది. కాకి కథ, నక్క కథ, బైబిల్లోని నోవహు ఓడ కథ. ఓడ నీళ్ల మీద తేలడం వరకే ఆమె నోటికి వచ్చు. నేల కనిపించే దాకా ఏ పిల్లా మెలకువగా ఉండలేదు.

"ఎన్నడూ చెప్పలే" అంది, తనకే ఇప్పుడు తెలిసినట్టు. "చివరిదాక పోయిందంటే పిల్లలు పండుకోలేదన్నట్టు. నా పని చెడిపోయిందన్నట్టు."

అక్సా పంపు గట్టు మీద కూలబడింది. తల్లి చరిత్రలో రెండుసార్లు ఎందుకు పోయిందో ఆ పిల్లకు ఇప్పుడు తెలిసింది. ప్రతి జవాబుతోనూ ఆమె పేపర్ దిద్దేవాణ్ని నిద్రపుచ్చి, చప్పుడు కాకుండా లేచి వెళ్లిపోయింది.

*

ఆదివారం చర్చి నుంచి రాగానే అక్సా తల్లిని బల్ల ముందు కూర్చోబెట్టింది. మొదటి భాగం వదిలెయ్, ముగింపు ఒక్కటే రాయి అంది. విశ్రాంతమ్మ చాలాసేపు కలం కొరికి ఒక్క వాక్యం రాసింది. అక్సా చదివి, తల బల్లకేసి పెట్టుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వింది. 'క్రీ.శ. 1289లో రుద్రమదేవి ప్రభునందు నిద్రించెను.'

"ఎందుకే నవ్వుతవ్? పెద్దలు చచ్చిపోయిన్రని రాస్తమా?"

"ఆమె కాకతీయుల రాణి అమ్మా! మన చర్చి సంఘపోళ్లు కాదు!"

"ఎవలైతేంది, మర్యాద మర్యాదనే గదా" అంది విశ్రాంతమ్మ. కానీ ఆమెకూ నవ్వు వచ్చింది. తల్లీకూతుళ్లు చాలారోజులకు కలిసి నవ్వారు.

నవ్వు ఆగాక అక్సా తన సారు చెప్పిన ముగింపు రాసిచ్చింది. 'ఈ విధంగా రుద్రమదేవి తన ధైర్యసాహసాలతో, పరిపాలనా దక్షతతో చరిత్రలో చిరస్థాయిగా నిలిచిపోయింది.' ఏ రాజుకైనా ఏ రాణికైనా ఇదే. పేరు మారిస్తే చాలు. విశ్రాంతమ్మ బట్టీ పట్టింది. చూడకుండా చెప్పమంటే చెప్పింది. మొత్తం జవాబు రాయమంటే మాత్రం, దేవగిరి దారిలోకి రాగానే చెయ్యి నెమ్మదిస్తుంది, గాలి వస్తుంది, కలం ఆగుతుంది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. మధ్యలో ఆమె గైడ్‌లోని చిన్నక్షరాల మీద వేలు పెట్టింది.

"ఈ పువ్వుల ముమ్మడి ఎవలే?"

"బిట్ క్వశ్చన్. చందుపట్ల శాసనం వేయించినోడు. 1289. అంతే."

"రాజా?"

"కాదు, బంటు. అవన్నీ పెద్ద జవాబుకు అక్కర్లేదమ్మా. ముగింపు రాయి!"

నాలుగోసారి కూడా కాగితం అడుగు ఖాళీగా మిగిలేసరికి అక్సా ఓర్పు తెగింది. "నువ్వు గిట్లనే ఉండు. పిల్లల్ని పండబెట్టుకుంట, గిన్నెలు తోముకుంట ఉండు. నువ్వు చెప్పిన కథలకు తిరుమల మేడమ్ శాలువాలు కప్పుకుంటది."

అనేశాక నాలుక కరుచుకుంది. విశ్రాంతమ్మ కాగితాలు సర్దింది, అంచులు బల్లకు తట్టి సమం చేసింది. కూతురి మొహం కేసి చూసింది. కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి. చెంపలు లోపలికి పోయాయి.

"నువ్వు వచ్చిన కాంచి ఒక్కరోజన్న నిద్రపోయినవా?"

అక్సా కిటికీలోంచి బయటికి చూసింది.

"హాస్టల్లనన్న పోతవా?"

"పండుకుంటే చదివిందంత పోతదనిపిస్తదమ్మా" అంది అక్సా చిన్నగా. "కండ్లు మూస్తే సైడ్ హెడ్డింగులే కనపడ్తయి. ఒకటి కింద ఒకటి. అండ్ల మనుషులు ఉండరు. వట్టి గీతలే ఉంటయి."

ఊళ్లో పిల్లలందర్నీ నిద్రపుచ్చే విశ్రాంతమ్మకు సొంత పిల్ల నిద్ర ఎక్కడ పోయిందో తెలియలేదు.

*

సోమవారం సెంటర్లో అన్నాలయ్యాక విశ్రాంతమ్మ ఒక చాప ఎక్కువ పరిచింది.

"ఎవలకు?" అంది అక్సా.

"నీకే. రా."

"నేనేమన్న చిన్నపిల్లనా?"

"రూప్లి ఆ పక్క, నువ్వు ఈ పక్క. జల్దీ రా, బిడ్డలు ఆవులిస్తున్నరు."

అక్సా సిగ్గుపడుతూనే పడుకుంది. కాళ్లు చాప దాటి పోయాయి. పిల్లలు ఆ కాళ్లను చూసి కిసుక్కున నవ్వారు. గోనె పట్టాల్లోంచి తడిగాలి వచ్చింది. తల్లి చెయ్యి భుజం మీద పడింది.

"ఓరుగల్లు కోట గోడ ఎంత ఎత్తున్నదంటే, పొద్దు దాని మీద కూసోని అలుపు తీర్చుకోని దిగుతది. ఆ గోడను తండ్రి మొదలుపెట్టిండు, బిడ్డ పూర్తి జేసింది..."

అక్సా మొదట ఆ కథలో పరిచయం ఎక్కడ అయిపోయిందో, సైడ్ హెడ్డింగు ఎక్కడ పెట్టాలో లెక్కపెట్టింది. సామంతుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. గుర్రం ఎక్కేసరికి, గోడ మీది బొగ్గు బొమ్మలోంచి నిజంగానే ఒక గుర్రం దిగి, గోదారి ఇసుకలో నడిచినట్టు, అడుగుల చప్పుడు లేకుండా గది మధ్యలోంచి నడిచింది. దాని ఒంటికి ఇప్పపూల వాసన. అక్సా దారి ఇచ్చి కాళ్లు ముడుచుకుంది. ఆ తర్వాత ఆమెకు తెలియలేదు.

విశ్రాంతమ్మ చుట్టూ చూసింది. అందరూ నిద్రలోకి పోయారు. రూప్లి నోరు తెరుచుకుని ఉంది. అక్సా బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని, చిన్నప్పటిలాగే కింది పెదవి కొంచెం ముందుకు పెట్టి నిద్రపోతోంది. ఆ మొహం చూస్తుంటే లేవబుద్ధి కాలేదు. అలవాటుగా చేతులు తీసుకోబోయి ఆగింది. మరి రేపు పరీక్ష. గిన్నెలు ఎక్కడికీ పోవు.

"...గుర్రం మెడ మీద చెయ్యేసి, చాలు ఇగ ఇంటికి పోదామన్నది" అంది. తన గొంతు తనకే వింతగా వినిపించింది. వినేవాళ్లు లేని గదిలో కథ చెప్పడం సిగ్గుగా ఉంది. ఎవరో బయటినుంచి చూస్తే పిచ్చిదనుకుంటారు. అయినా ఆపలేదు. "ఇంటికి వచ్చింది. మస్తు ఏండ్లు ఏలింది. జుట్టు తెల్లబడ్డది. మనుమన్ని పక్కన కూసోవెట్టుకోని పని నేర్పింది. గప్పుడు అంబదేవుడని ఒక సామంతుడు ఎదురు తిరిగిండు. ముసల్ది, ఇగ ఏం జేస్తదిలే అనుకున్నడు. ముసల్ది మళ్ల గుర్రమెక్కింది బిడ్డా. ఎక్కి పోయింది. ఈసారి గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది. గుర్రం సంగతి నేను కల్పించిన, బుక్కుల లేదు. బుక్కుల ఒక రాయి ఉన్నది..."

పువ్వుల ముమ్మడి వేయించిన ఆ రాయి గురించి కూడా చెప్పింది. చివరి మాట అనేసి నోరు మూసుకుంది. గది అలాగే ఉంది. ఏ పిల్లా ఉలిక్కిపడి లేవలేదు. ముగింపు దాకా పోయినా నిద్ర చెడలేదు. విశ్రాంతమ్మ దీన్ని కొత్త సంగతిలా చూసింది. అంతలో గనిలో పేలుడు మోగింది.

అక్సా లేచేసరికి పిల్లలు ఇళ్లకు పోయారు, గోనెలు ఎండిపోయాయి, ఎండ వాకిలి అవతలికి జరిగింది. ఎక్కడున్నదో గుర్తు తెచ్చుకోవడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది.

"అమ్మా, మంచి కలొచ్చింది. ఒక గుర్రం ఒక్కటే వచ్చి, పొలంల ఒక రాయి కాడ నిలబడ్డది. ఎవలో ఒకాయన ఆ రాయి మీద చెక్కుతనే ఉన్నడు. గుర్రం ఆయన చెయ్యి నాకుతున్నది."

విశ్రాంతమ్మ ఊడుస్తున్న చీపురు ఆపింది. కూతురి కేసి చాలాసేపు చూసింది.

"ఏంది, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు. చాయ్ తాగుతవా?"

*

పరీక్ష మణుగూరులో, ఒక హైస్కూల్లో. మధ్యాహ్నం పూట. ఫ్యాను ఉంది కానీ అది వేడిగాలిని ఒక మూలనుంచి ఇంకో మూలకు మోయడం తప్ప వేరే పని చేయడం లేదు. ఇన్విజిలేటర్ ఒక కుర్ర సారు. పొద్దున వేరే పేపర్‌కు డ్యూటీ చేసి, అన్నం తిని నేరుగా వచ్చినట్టున్నాడు. కుర్చీ తెచ్చి విశ్రాంతమ్మ బెంచీ పక్కన, గాలి తగిలే చోట వేసుకున్నాడు.

ప్రశ్నపత్రం వచ్చింది. నాలుగో ప్రశ్న దగ్గర ఆమె కళ్లు ఆగాయి. రుద్రమదేవి పాలనా విశేషాలను వివరింపుము. మిగతావి ముందు రాసి, దీన్ని చివరికి ఉంచుకుంది.

విశ్రాంతమ్మకు నోటితో అనుకోకుండా రాయడం రాదు. పెదవులు కదపాలి, సన్నగా గొంతు కూడా రావాలి. ఆ గొంతు ముందు బెంచీకి వినపడదు. పక్కనున్న కుర్చీకి వినపడుతుంది. ఓరుగల్లు కోట మొదలుపెట్టినప్పుడు సారు ఒకసారి ఆమె కేసి చూసి మళ్లీ వెనక్కి వాలాడు. సామంతులు అడ్డం తిరిగినప్పుడు కొంచెం ముందుకు వంగాడు. ఎవరూ చూడకుండా కథ వింటున్న పిల్లాడిలా ఉన్నాడు. మోటుపల్లి రేవుకు వచ్చిన విదేశీయుడు ఆమెను ఎలా పొగిడాడో కూడా రాసింది, కొటేషన్ మార్కు కోసం. గుర్రం దేవగిరి దారి పట్టింది. వెనక బెంచీల్లో ఏవో కాగితాలు గరగరలాడాయి. ఆమె పట్టించుకోలేదు.

గుర్రం మెడ మీద చెయ్యి వేసే దగ్గర ఆమె తలెత్తింది. సారు నిద్రపోయాడు. గడ్డం ఛాతీకి ఆనింది. చేతిలో పెన్ను జారి ఒళ్లో పడింది. ఒత్తిడి లేని, శుభ్రమైన నిద్ర. పాపం, ఎన్నాళ్ల అలసటో.

విశ్రాంతమ్మ కలానికి మూత పెట్టేసింది. చేతులు బల్ల మీంచి మెల్లగా తీసుకుంది. లేవడానికి మోకాళ్లు కూడా కూడదీసుకుంది. గిన్నెలు తోమాలి కదా.

అక్కడ గిన్నెలు లేవు. కాగితం అడుగున నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. రెండుసార్లు ఇలాగే పరీక్ష పోగొట్టుకుంది. బట్టీ పట్టిన ముగింపు గుర్తు తెచ్చుకుంది. ఈ విధంగా, తన ధైర్యసాహసాలతో... మాటలన్నీ ఉన్నాయి. కానీ అవి ఎవరివో. పక్కన మనిషి నిద్రపోతున్నాడు. నిద్రపోయేవాడికి ఎవరు చెబుతారు?

కానీ అక్సాకు వినపడింది. కళ్లు మూసుకున్నాక చెప్పిన గుర్రం ఆ పిల్ల కలలోకి నడిచివచ్చింది. పండుకున్నోళ్లకు కూడా చివరిదాకా చెప్పాలి. వాళ్లకే చెప్పాలేమో. ఇన్నేళ్లూ ఆ పిల్లలందరి కలల్లో రుద్రమ్మ దారిలోనే ఉండిపోయి ఉంటుందనుకుంటే విశ్రాంతమ్మకు ఏడుపు వచ్చినంత పనైంది.

కలం మూత తీసింది. గొంతు తగ్గించింది కానీ ఆపలేదు. పెదవులు కదుపుతూ, సారు నిద్ర చెడకుండా, రాసుకుంటూ పోయింది. ఇల్లు చేరడం, మనుమడికి పని నేర్పడం, ముసలితనంలో మళ్లీ యుద్ధానికి పోవడం రాసింది. గుర్రం ఒక్కటే తిరిగిరావడం రాయలేదు. బుక్కులో లేనిది రాయొద్దని అక్సా మరీమరీ చెప్పింది. ఆఖరి ఖాళీలో ఇలా రాసింది:

'రుద్రమదేవికి ఎన్నో బిరుదులు ఉన్నవి. కానీ ఆమె చనిపోయిన సంగతి మనకు తెలిపేది చందుపట్ల శాసనం. దానిని వేయించినది రాజు కాదు, పువ్వుల ముమ్మడి అనే బంటు. తన రాణి, తన సేనాని ఇద్దరూ పోయిన తరువాత వారి పేరు మీద భూమి దానమిచ్చి రాయి నిలబెట్టినాడు. గొప్పవారి కథ అందరూ మొదలుపెడతారు. వారి కింద పనిచేసినవాడు చివరిదాకా ఉండి ముగింపు రాసినాడు.'

చుక్క పెట్టింది. ఆ చుక్కను ఇంకోసారి ఒత్తి పెట్టింది.

గంట కొట్టగానే సారు ఉలిక్కిపడి లేచాడు. ముందు గది చూశాడు, తర్వాత గడియారం చూశాడు, తర్వాత ఎవరైనా చూశారేమోనని చూశాడు. పేపర్లు పోగు చేస్తూ విశ్రాంతమ్మ దగ్గరికి వచ్చి, కాగితాలకు దారం సరిగ్గా ఉందో లేదో చూస్తూ, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఏమనుకోకుండ్రి. దేవగిరి తొవ్వల ఉన్నప్పుడు జెర కండ్లు మూతపడ్డయి. తర్వాత ఏమైంది?"

విశ్రాంతమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుంది. ఈ ప్రశ్న ఆమెను ఇంతవరకూ అక్సా తప్ప ఎవరూ అడగలేదు. అక్సా కూడా మార్కుల కోసమే అడిగింది.

"అండ్ల రాసిన సార్. చివరిదాక ఉన్నది. చూసుకోండ్రి" అంది.

బయట రేకుల షెడ్డు కింద బెంచీ మీద అక్సా బ్యాగు తలకింద పెట్టుకుని నిద్రపోతోంది. విశ్రాంతమ్మ పక్కన కూర్చుని చెప్పులు విడిచింది. కిటికీలోంచి గది కనిపిస్తోంది. అందరూ పోయారు. కుర్ర సారు ఒక చంకలో మిగతా పేపర్ల కట్ట ఇరికించుకుని, నిలబడే, ఒక పేపర్ చివరి పేజీ చదువుతున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె కథ ముగిసే చోట ఒక మనిషి మేలుకుని ఉన్నాడు.

అక్సా కళ్లు తెరవకుండానే అడిగింది, "అయిపోయిందా? ఆగిపోయిందా?"

"అయిపోయింది బిడ్డా" అంది విశ్రాంతమ్మ. "ఇంకా బస్సు రాలే, నువ్వు పండుకో."